పని మన ఊళ్లోనే ఉంది, నేర్పే చోటు ఏది?
(బొమ్మగాని ధర్మభిక్షం గారి స్మృతిలో కోదాడలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



ధర్మభిక్షం గారి పేరు చెబితే ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది పోరాటం. నిజాం కాలంలో జైలుకు వెళ్లారు. 1952లో సూర్యాపేట నుంచి శాసనసభకు గెలిచారు. 1991లో, మళ్లీ 1996లో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినపడాలని జనం వందల కొద్దీ నామినేషన్లు వేసి, 480 మంది బరిలో నిలిచిన ఎన్నిక 1996దే. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఎన్నికలో గెలిచింది ఆయనే. ఇవన్నీ మీకు తెలిసినవే. ఈ రోజు ఆయన చేసిన మరో రెండు పనుల గురించి ఆలోచించమని మిమ్మల్ని కోరుతున్నాను.

మొదటిది, సూర్యాపేటలో విద్యార్థుల కోసం ఆయన నడిపిన హాస్టల్. పల్లెల నుంచి వచ్చిన పేద పిల్లలకు తిండి, నీడ దొరికితేనే చదువు నిలుస్తుందని యువకుడిగా ఉన్నప్పుడే ఆయనకు తెలుసు. రెండోది, గీత కార్మికుల సంఘం. తాటిచెట్టు ఎక్కడమంటే ఒంట్లో బలం ఉంటే చాలనుకుంటారు చూసేవాళ్లు. మోకు ఎంత బిగించాలి, ముస్తాదు ఎలా కట్టుకోవాలి, గెల ఏ దశలో ఉన్నప్పుడు ఎంత పల్చగా గీయాలి, చెట్టుకు దెబ్బ తగలకుండా కల్లు ఎన్నాళ్లు పారించాలి - ఇదంతా ఏళ్ల తరబడి పక్కనుండి నేర్చుకున్న విద్య. దానికి ఏ బడీ సర్టిఫికెట్ ఇవ్వలేదు. చెట్టు మీద నుంచి జారి నడుం విరిగినవాడిని ఏ ప్రభుత్వమూ నిపుణుడిగా లెక్కించలేదు. ఆ లెక్క కోసమే ఆయన బతుకంతా కొట్లాడారు. గీత కార్మికుల ప్రాణరక్షణ కోసం కాటమయ్య రక్ష కవచాల పంపిణీ, వాటిని వాడే తర్ఫీదు మొదలైంది 2024లో. ఒక నైపుణ్యానికి ప్రభుత్వం నుంచి తాడు, బెల్టు, శిక్షణ అందడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడండి.

చదువుకునే పిల్లవాడికి అన్నం పెట్టడం, పనిచేసే మనిషికి గౌరవం సంపాదించి పెట్టడం - ఈ రెండూ ఒకే మనిషి చేసిన పనులు. మన విద్యావ్యవస్థ మాత్రం చదువునూ పనినీ విడదీసి చెరో దారిన పంపింది. నా ఉద్యోగ జీవితమంతా ఐటీఐ వర్క్‌షాపుల్లో గడిచింది. కాబట్టి ఆయన స్మృతిలో నేను మాట్లాడదగిన విషయం ఇదే అనిపించింది: మన ప్రాంతంలో వృత్తివిద్య, సాంకేతిక విద్య ఏ స్థితిలో ఉన్నాయి, రేపు ఏం కావాలి.

చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. పని మన దగ్గరే ఉంది. పిల్లలూ మన దగ్గరే ఉన్నారు. భవనాలు, యంత్రాలు కూడా ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. లేనిది శిష్యరికం. పనిచేసే చోట, పని తెలిసిన మనిషి పక్కన, జీతం తీసుకుంటూ, చట్టం రక్షణలో నేర్చుకునే ఏర్పాటు లేదు. అది లేనంత కాలం మిగతా ఖర్చంతా సగం ఫలితమే ఇస్తుంది.

మన చుట్టూ ఉన్న పని

కోదాడ నుంచి ఏ దిక్కుకు వెళ్లినా పని కనిపిస్తుంది. మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. మిర్యాలగూడ దాటితే దామరచర్ల, వాడపల్లి దాకా అవే. సిమెంటు ఫ్యాక్టరీ గుండెకాయ కిల్న్. నెమ్మదిగా తిరిగే ఆ పెద్ద గొట్టంలో రాయిపొడి దాదాపు 1,450 డిగ్రీల దగ్గర క్లింకర్‌గా మారుతుంది. దాని లోపలి ఇటుక పేర్చేవాడు, రోలర్లు, బేరింగులు చూసుకునే ఫిట్టర్, మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్, కంట్రోల్ రూములో తెర ముందు కూర్చుని ఉష్ణోగ్రత చూసి ఇంధనం తగ్గించి పెంచే ఆపరేటర్ - వీళ్లలో ఏ ఒక్కరు పొరపడినా కిల్న్ ఆగుతుంది. ఆగిన కిల్న్‌ను మళ్లీ వేడెక్కించడానికి అయ్యే ఖర్చు, పట్టే సమయం ఆ ఫ్యాక్టరీ వాళ్లనే అడగండి.

మిర్యాలగూడ రైస్ మిల్లులు చూడండి. ధాన్యం నానబెట్టడం, ఆవిరి పట్టడం, ఆరబెట్టడం, ఆడించడం, పాలిష్ చేయడం, సార్టెక్స్‌లో రంగు మారిన గింజను ఏరడం. ఊకతో మండే బాయిలర్ దగ్గర నిలబడే మనిషికి అర్హత పత్రం ఉండాలని చట్టం చెబుతుంది. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చినా ఆ మూల సూత్రం పోలేదు. సార్టెక్స్ యంత్రంలో కెమెరాలున్నాయి, గాలితో గింజను పక్కకు నెట్టే నాజిళ్లున్నాయి. అది చెడితే ఎక్కడి నుంచో మెకానిక్ వచ్చేదాకా మిల్లు చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం 4,000 మెగావాట్లు. నిర్మాణం నాటి పనులు కొన్నేళ్లలో తీరిపోతాయి. నడిపే పని, మరమ్మతు పని దశాబ్దాలు ఉంటాయి. ఇక 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్లు వదిలిన నాటి నుంచి ఎడమ కాలువ కింద మన వ్యవసాయం మారిపోయింది. నాట్లు వేసే యంత్రం, కోత మిషన్, ఎత్తిపోతల మోటార్లు, ఊరూరా బోరుమోటార్లు, స్టార్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. హైవే మీద రాత్రింబవళ్లు లారీలు.

ఇంత పని ఉన్న చోట మన పిల్లలు ఎక్కడున్నారు? కొందరు హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ గదుల్లో ఉన్నారు. కొందరు ఇంజనీరింగ్ పట్టా పెట్టుకుని డెలివరీ బండి నడుపుతున్నారు. కొందరు ఇంటి దగ్గర నోటిఫికేషన్ కోసం చూస్తున్నారు. మిల్లుల్లో, సిమెంటు ప్లాంట్ల కాంట్రాక్టు పనుల్లో బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన అన్నదమ్ములు చెమటోడుస్తున్నారు. వాళ్ల మీద మనకు కోపం ఉండకూడదు. మన పాలమూరు వలస కూలీలు దేశమంతా డ్యాములు కట్టిన చరిత్ర మనకుంది. కానీ ఈ పరిస్థితి ఒక ప్రశ్న వేస్తోంది. పక్క ఊళ్లో ఉన్న యంత్రం ముందు నిలబడే యోగ్యత మన పిల్లవాడికి మనం ఎందుకు ఇవ్వలేకపోయాం?

లక్ష్యాలు పెట్టుకున్నాం, చేరలేదు

స్వతంత్రం వచ్చిన మూడేళ్లకే, 1950లో, కేంద్రం చేతిపని శిక్షణ పథకం మొదలుపెట్టింది. ఇప్పుడు మనం ఐటీఐలని పిలిచేవి దాని నుంచి పుట్టినవే. 1956లో వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది. ఈ రోజు దేశంలో పద్నాలుగు వేలకు పైగా ఐటీఐలున్నాయి. వాటిలో దాదాపు అయిదింట నాలుగు వంతులు ప్రైవేటువి.

1964-66లో కొఠారీ కమిషన్ పదో తరగతి తర్వాత సగం మంది వృత్తివిద్య వైపు వెళ్లాలని ఆశించింది. 1986 జాతీయ విద్యావిధానం ఆ ఆశను తగ్గించుకుని, 1990కి పది శాతం, 1995కి పాతిక శాతం అంది. అదీ కుదరక గడువును 1995కి, 2000కి జరిపారు. 2020 జాతీయ విద్యావిధానం తన లెక్కలు తానే చెప్పుకుంది: పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనా ప్రకారం 19-24 ఏళ్ల పనివారిలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవారు అయిదు శాతం లోపే. జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం. మళ్లీ ఒక లక్ష్యం: 2025కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలి. ఆ ఏడాదీ గడిచిపోయింది.

అరవై ఏళ్లుగా ఒకే లక్ష్యం ఇలా జారిపోతుంటే తల్లిదండ్రులకు తెలివి లేదని తీర్మానించడం పెద్ద అన్యాయం. వాళ్ల లెక్క వాళ్లకుంది. ఫిట్టర్ చదివిన కొడుకు కాంట్రాక్టరు దగ్గర హెల్పర్‌గా చేరి, పదేళ్ల తర్వాత కూడా హెల్పర్‌గానే ఉండటం వాళ్లు చూశారు. డిగ్రీ చదివిన పక్కింటి పిల్లవాడు కనీసం పోటీ పరీక్ష రాయగలడు, పెళ్లి సంబంధం దగ్గర తలెత్తుకోగలడు. 2008 ప్రాంతాల నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు ఏడు వందలకు చేరాయి. కోదాడ చుట్టుపక్కల కూడా వెలిశాయి. కూలీ ఇంటి పిల్ల బీటెక్ చదవడం ఆ పథకం వల్లే సాధ్యమైంది. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ ల్యాబులో యంత్రం లేని కాలేజీ, ఫ్యాక్టరీ గేటు దాటని ఇంజనీరు కూడా ఆ వెల్లువలోనే వచ్చారు. అంటే చేతిపని నేర్పేచోట పై చదువుకు దారి ఇరుకైంది. పై చదువు చెప్పేచోట చేతిపని మాయమైంది.

దారులు అసలే లేవని కాదు. ఐటీఐ చేసినవాళ్లు ఎల్పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఒకేషనల్ ఇంటర్ వాళ్లు బ్రిడ్జి కోర్సు రాసి సాధారణ చదువులోకి రావచ్చు. ఈ మెట్లు పదో తరగతి పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు ఎవరు చెబుతున్నారు? ప్రతి ఉన్నత పాఠశాలలో ఫిబ్రవరి నెలలో ఒక రోజు ఈ మెట్లన్నీ బోర్డు మీద గీసి చూపిస్తే దానికయ్యే ఖర్చు ఒక సుద్దముక్క.

ఈ దారి చివర ఒక కళాశాల

చదువునూ పనినీ కలిపే ప్రయత్నం మనకు కొత్త కాదు. కోదాడ మీదుగా పోయే 65వ జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. ఆ ఊళ్లో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు దాన్ని నిలబెట్టారు. వందేమాతరం ఉద్యమం వేడిలో పుట్టిన ఆ కళాశాల సాహిత్యం, శాస్త్రం, చిత్రకళతో పాటు నేతపని, వడ్రంగం, యంత్రాల పని ఒకే ప్రాంగణంలో నేర్పింది. గుమాస్తాలను తయారుచేసే చదువుకు బదులుగా, చదువుకున్న పనివాణ్ణి, పని తెలిసిన చదువరిని తయారుచేయాలన్నది వాళ్ల తపన. ప్రభుత్వ గుర్తింపు లేదు, పట్టాకు ఉద్యోగం రాదు. అయినా ఆ ప్రయత్నం తెలుగువాళ్లకు ఒక దారి చూపింది.

1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీం గురించి సభ పెట్టినప్పుడు, ఆ విద్యకు రూపం ఇచ్చే కమిటీకి అధ్యక్షత వహించింది డాక్టర్ జాకీర్ హుస్సేన్. ఆయన మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. చేత్తో చేసే పని ద్వారా లెక్కలు, శాస్త్రం, సమాజం తెలుసుకోవాలన్నది ఆ ఆలోచన.

అయితే 1953 నాటి హెచ్చరికను కూడా మరిచిపోకూడదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో చదువును రోజులో కొన్ని గంటలకే కుదించి, మిగతా పూట పిల్లలు ఇంటి పని, తండ్రి వృత్తి నేర్చుకోవాలంది. దాన్ని కులవృత్తి చదువని జనం తిప్పికొట్టారు. మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆ పథకం పోయింది. ఆ తిరుగుబాటు న్యాయమైంది. గీత కార్మికుడి కొడుకు గీత కార్మికుడే కావాలని చెప్పే ఏ వృత్తివిద్యనూ మనం ఒప్పుకోకూడదు. పుట్టుకతో వచ్చే పని వేరు, ఇష్టపడి ఎంచుకునే పని వేరు. వడ్రంగి కూతురు బాయిలర్ ఇంజనీరు కావాలి. రెడ్డిగారి అబ్బాయి వెల్డింగ్ నేర్చుకోవాలి. ఏ ఇంటి పిల్లలైనా ఏ పనైనా ఎంచుకోగలిగినప్పుడే వృత్తివిద్య ప్రజాస్వామిక విద్య అవుతుంది. పేదపిల్లలకే, మార్కులు తక్కువ వచ్చినవాళ్లకే దాన్ని అంటగడితే అది పాత కులవ్యవస్థకు కొత్త సర్టిఫికెట్.

యంత్రాలు వస్తున్నాయి, మంచిదే

మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. దాని వ్యయం 2,324 కోట్ల రూపాయలు. 2025 సెప్టెంబరులో అవి ప్రారంభమయ్యాయి. సీఎన్‌సీ యంత్రాలు, రోబోలు, విద్యుత్ వాహనాల మరమ్మతు వంటి కోర్సులు వచ్చాయి. 2024 ఆగస్టులో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో పునాది పడింది. కేంద్రం వెయ్యి ప్రభుత్వ ఐటీఐల కోసం 60,000 కోట్ల పథకం ప్రకటించింది. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన లేత్ మిషన్లతో, పగిలిన పలకల కింద పిల్లలకు పాఠం చెప్పినవాడిగా నేను ఈ మార్పుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను.

సంతోషిస్తూనే ఒక మాట గట్టిగా చెప్పాలి. యంత్రం కొనడానికి టెండరు చాలు. నేర్పే మనిషి టెండరుతో రాడు.

ఫిట్టర్ ట్రేడులో చేరిన పిల్లవాడికి మొదటి నెలల్లో ఒక ఇనుప ముక్క ఇచ్చి, బెంచ్ వైస్‌లో బిగించి, ఆకురాయితో చదును చేయమంటాం. బయటి నుంచి చూసేవారికి అది పాతకాలపు పని. కంప్యూటరు చెప్పినట్టు నడిచే యంత్రాలున్న కాలంలో ఇంకా ఆకురాయి ఎందుకని అడుగుతారు. ఆ పిల్లవాడు మట్టం పెట్టి వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూస్తాడు. ఎక్కడ సన్నగా వెలుగు కనిపించిందో అక్కడ మళ్లీ రాకుతాడు. మిల్లీమీటరులో పదో వంతు అంటే ఏమిటో అప్పుడు వాడి వేళ్లకు తెలుస్తుంది. ఆ తెలివి ఉన్నవాడు సీఎన్‌సీ యంత్రం తప్పు కోత కోసినప్పుడు శబ్దం విని ఆపుతాడు. అది లేనివాడు తెర మీద అంకె చూసి సరేననుకుంటాడు. ఈ తేడా నేర్పేది ఇన్‌స్ట్రక్టర్.

ఇన్‌స్ట్రక్టర్లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చే సంస్థలు హైదరాబాద్‌లోనే, విద్యానగర్‌లో, రామంతాపూర్‌లో ఉన్నాయి. అయినా చాలా చోట్ల బోధన పార్ట్‌టైం వాళ్లతో, కాంట్రాక్టు వాళ్లతో నడుస్తోంది. ఎప్పుడో నేర్చుకున్నదాన్ని ఉద్యోగమంతా చెప్పే స్థితి నాలాంటివాళ్లది. ఫ్యాక్టరీలో యంత్రం మారిన సంగతి మాకు తెలిసేలోపు అది మళ్లీ మారేది. అందుకే నా మొదటి విన్నపం: ప్రతి ఇన్‌స్ట్రక్టరూ, ప్రతి పాలిటెక్నిక్ లెక్చరరూ కొన్నేళ్లకోసారి రెండు నెలలు జీతంతో ఫ్యాక్టరీలో పనిచేయాలి. అలాగే డిగ్రీ లేకపోయినా ముప్పై ఏళ్లు కిల్న్ చూసిన ఫోర్‌మన్‌ను, మిల్లులో బాయిలర్ దగ్గర తల నెరిసిన పెద్దమనిషిని వారానికి ఒక పూట తరగతికి పిలవాలి. ఆయనకు గౌరవవేతనం ఇవ్వాలి. పిల్లలు ఆయన్ను సార్ అని పిలవాలి.

శిష్యరికానికి చట్టం ఉంది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అప్రెంటిస్ చట్టం 1961లోనే వచ్చింది. 1986 సవరణతో ఒకేషనల్ ఇంటర్ చదివినవాళ్లూ దాని కిందికి వచ్చారు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కాంట్రాక్టు కార్మికులూ ఆ లెక్కలోకి వస్తారు. అదే నిబంధనల్లో స్టైపెండ్ చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా కనీసంగా పెట్టారు. 2016 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో పాతిక శాతం, 1,500 రూపాయల వరకు, కేంద్రం భరించింది. చివర్లో పరీక్ష, దేశమంతా చెల్లే సర్టిఫికెట్. ఐటీఐ చదివినవాడికి ఆ ఒక్క ఏడాది శిష్యరికం రెండేళ్ల తరగతి కంటే ఎక్కువ నేర్పుతుంది.

జర్మనీ గురించి అందరం చెప్పుకుంటాం. అక్కడ జరిగేది ఇంతే. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో చదువు. 1969లో చేసిన చట్టం దానికి ఆధారం. కంపెనీ జీతం ఇస్తుంది, ప్రభుత్వం బడి నడుపుతుంది, పరీక్షలో యజమానుల ప్రతినిధులూ కార్మికుల ప్రతినిధులూ ఉపాధ్యాయులూ కలిసి కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర కార్మిక సంఘానికి కుర్చీ ఉండటం చాలా ముఖ్యం. ఆ కుర్చీ లేకపోతే శిష్యరికం చౌక కూలీగా మారిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్ల కింద ఎన్నో తరాల కుర్రాళ్లు పక్కనుండి చూసి గొప్ప మెకానిక్‌లయ్యారు. కానీ ఆ నేర్పు వెనుక తిట్లున్నాయి, దెబ్బలున్నాయి, ఏళ్ల తరబడి జీతం లేని చాకిరీ ఉంది. ఆ నేర్పును తీసుకుని, ఆ చాకిరీని వదిలేయాలి. ఆ పని చేయగలిగింది చట్టమొక్కటే.

మన దేశంలో ఇలాంటి రెండు పాదాల చదువు లేకపోలేదు. ఐటీఐ కోర్సులో కొంత కాలం ఫ్యాక్టరీలో గడిపే ద్వంద్వ శిక్షణ విధానం ఉంది. పాలిటెక్నిక్‌లో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంది. గనుల్లో అయితే తర్ఫీదు లేకుండా ఎవరినీ పనిలోకి దించకూడదని 1966 నాటి నిబంధనలే చెబుతున్నాయి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆరు నెలల శిక్షణకు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లిన పిల్లలను సెక్యూరిటీ గార్డు తిప్పి పంపితే, లేదా సంతకం పెట్టి హాజరు వేసి ఇంటికి పంపితే, ఆ కాగితం ఎవరికీ పని నేర్పదు.

కోదాడ చేయగలిగింది

ఢిల్లీ, హైదరాబాద్ చేయాల్సినవి వాళ్లు చేస్తారు, చేయించుకుందాం. మన చేతుల్లో ఉన్నవి కొన్ని చెబుతాను.

సిమెంటు కంపెనీలు, రైస్ మిల్లర్ల సంఘం, థర్మల్ కేంద్రం, విద్యుత్ శాఖ, ఈ ప్రాంతపు ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, జూనియర్ కాలేజీలు, కార్మిక సంఘాలు ఏడాదికి రెండుసార్లు ఒకచోట కూర్చోవాలి. వచ్చే ఏడాది ఎంతమంది ఎలక్ట్రీషియన్లు కావాలో, ఎంతమంది బాయిలర్ అటెండెంట్లు కావాలో, ఎవరు ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకుంటారో అక్కడే తేలాలి. చిన్న మిల్లుకు ఒంటరిగా శిక్షణ ఇచ్చే స్తోమత ఉండదు. పది మిల్లులు కలిస్తే ఒక శిక్షకుడిని పెట్టుకోవచ్చు. బాయిలర్ అటెండెంట్ పరీక్షకు, ఎలక్ట్రికల్ వైర్‌మన్ పర్మిట్‌కు మన పిల్లలను సిద్ధం చేసే తరగతులు ఇక్కడే నడపవచ్చు.

ఏళ్లుగా పనిచేస్తూ చేతిలో ఏ పత్రమూ లేని మోటార్ వైండర్లు, వెల్డర్లు, తాపీ మేస్త్రీలు మన పట్టణాల్లో వందల్లో ఉన్నారు. వాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రభుత్వ పథకాల్లో ఉంది. వాళ్లను పిలిచి, నిజమైన పరీక్ష పెట్టి, నిజమైన పత్రం ఇద్దాం. గల్ఫ్‌కు వెళ్లినా ఇక్కడే ఉన్నా ఆ పత్రం వాళ్ల కూలీ పెంచాలి. మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకి, జపాన్‌కు నర్సులను పంపుతోంది. అర్హత పత్రం, భాష ఉన్న మనిషికి ప్రపంచం తలుపు తీస్తుందనడానికి అదే రుజువు.

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. సూర్యాపేటలో మహిళా పాలిటెక్నిక్ ఉంది. అక్కడ చదివిన అమ్మాయి కంట్రోల్ రూములో కూర్చోలేదా? సార్టెక్స్ నడపలేదా? ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు చేయలేదా? చేయగలదు. అడ్డు వచ్చేవి రాత్రి షిఫ్టుకు బస్సు లేకపోవడం, ఫ్యాక్టరీలో మరుగుదొడ్డి లేకపోవడం, ఫోర్‌మన్ చూపు. ఈ మూడూ సరిచేయడం యజమాని చేతిలో పని. ఊరి నుంచి వచ్చే పిల్లకు హాస్టల్ ఇవ్వడం మన చేతిలో పని. ధర్మభిక్షం గారి హాస్టల్ ఆలోచనకు ఇప్పుడు అవసరమున్నది ఇక్కడే.

బడిలోనే మొదలుపెడదాం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తులు చూపించాలని 2020 విధానం చెబుతుంది. ఆ పది రోజులు కాలువ తూము దగ్గర, మిల్లులో, సబ్‌స్టేషన్‌లో, మోటార్ వైండింగ్ షాపులో గడవాలి. అయ్యవార్ల పిల్లలు, అధికారుల పిల్లలు, ప్రైవేటు బడి పిల్లలు అందరూ రావాలి.

మరో మాట పాఠం గురించి. భద్రత, కనీస వేతనం, ప్రావిడెంట్ ఫండు, ప్రమాదానికి పరిహారం - ఇవి ప్రతి ట్రేడులో పాఠాలు కావాలి. కరెంటు ఆపకుండా ప్యానెల్ ముట్టుకోకూడదని నేర్పినట్టే, జీతం చీటీ లేకుండా నెల దాటనివ్వకూడదనీ నేర్పాలి. యంత్రం మాన్యువల్ చదివేంత ఇంగ్లీషు నేర్పాలి. చెడిన యంత్రం గురించి తెలుగులో చక్కగా వివరించడమూ నేర్పాలి. రేపు కృత్రిమ మేధ, సోలార్, విద్యుత్ వాహనాలు ఏ పనిని ఎటు మారుస్తాయో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. డ్రాయింగ్ చదవడం, కొలవడం, లోపం ఎక్కడుందో ఒక్కొక్కటి తీసేస్తూ పట్టుకోవడం తెలిసిన మనిషి ఏ మార్పునైనా తట్టుకుంటాడు. ఒక్క యంత్రం మీద ఆరు నెలల తర్ఫీదు మాత్రమే ఉన్నవాడు ఆ యంత్రంతో పాటే పక్కకు పోతాడు. కాబట్టి కోర్సులు పొట్టిగా, చౌకగా చేయమని ఎవరైనా అడిగినప్పుడు మనం ఒప్పుకోకూడదు.

చివరి విన్నపం

విద్యార్థులారా, చేతులకు నూనె అంటుకునే చదువును ఎంచుకున్నందుకు ఎవరి ముందూ తల దించకండి. చదవడం ఆపకండి. ఐటీఐ నుంచి ఇంజనీరు దాకా మెట్లున్నాయి, ఒక్కొక్కటి ఎక్కండి. అప్రెంటిస్‌షిప్ మీకు చట్టం ఇచ్చిన హక్కని తెలుసుకోండి. దరఖాస్తు పెట్టండి, స్టైపెండ్ అడగండి, నేర్పమని అడగండి. తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఏ కాలేజీలో చేరాడన్నది మొదటి ఏడాది ప్రశ్న. వాడు పదేళ్ల తర్వాత ఎక్కడుంటాడని కాలేజీని అడగండి.

ఫ్యాక్టరీల యజమానులకు, మిల్లుల యజమానులకు నా విన్నపం ఒక్కటే. మనుషులు దొరకడం లేదని మీరంటున్నారు. నేర్పిన మనుషులు ఎక్కడా దొరకరు, తయారవుతారు. ఈ నేల సున్నపురాయి ఇచ్చింది, కృష్ణమ్మ నీళ్లిచ్చింది, రైతు వడ్లిచ్చాడు. బదులుగా ఈ ప్రాంతపు పిల్లలకు ఒక ఏడాది నేర్పు ఇవ్వండి. ప్రతి ఏడాది జూన్‌లో మీ గేటు ముందు ఒక బోర్డు పెట్టండి. మా దగ్గర పనిచేసేవారు ఇంతమంది, ఈ ఏడాది తీసుకున్న అప్రెంటిస్‌లు ఇంతమంది, పోయిన ఏడాది నేర్చుకున్నవారిలో ఉద్యోగం ఇచ్చింది ఇంతమందికి. మూడే మూడు అంకెలు. ఆ అంకెలు పెట్టమని అధికారులు, కార్మిక సంఘాలు, ఈ సభలో ఉన్న మనమందరం అడుగుదాం. ఈ జూన్ నుంచే అడుగుదాం. పెట్టేదాకా అడుగుదాం.